లూయిస్ బ్రూక్స్‌కి ఇప్పటికీ కొత్త ఫ్యాన్స్ ఎందుకు పుడుతున్నారు

మూకీ సినిమాల కాలం నాటి హీరోయిన్ల ఫొటోలు వరసగా పెట్టి చూపిస్తే, పేర్లేవీ తెలియని వాళ్ళు కూడా ఒక మొహం దగ్గర ఆగుతారు. నుదుటి మీద గీత గీసినట్టు కత్తిరించిన నల్లటి జుట్టు, చెంపల మీదకి తిరిగిన కొసలు, ఎదుటి వాళ్ళని సూటిగా చూసే కళ్ళు. ఆవిడే లూయిస్ బ్రూక్స్. 1906లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో చెర్రీవేల్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు, 1985లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో పోయారు. సినిమా కెరీర్ 1925లో మొదలై 1938లో అయిపోయింది, అందులోనూ గట్టిగా చెప్పుకోదగ్గది ఓ నాలుగైదేళ్ళు, చేసిన సినిమాలన్నీ కలిపితే ఓ పాతిక, వాటిలో కొన్ని ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడా లేవు. ఆ రోజుల్లో ఆవిడ నంబర్ వన్ స్టార్ కూడా కాదు, ఆ దరిదాపుల్లో కూడా లేరు. అయినా ఇవాళ ఆ కాలం హీరోయిన్లలో ఇరవై ఏళ్ళ పిల్లలు కూడా వెతుక్కుని మరీ చూసే పేరు ఏదంటే ముందు ఈవిడదే వస్తుంది. ఇది ఎలా జరిగిందనేది నిజంగా ఆలోచించాల్సిన విషయం.

చాలామంది ఇదంతా ఆ హెయిర్‌కట్ మహిమే అని తేల్చేస్తారు. కాస్త నిజం లేకపోలేదు, మొదటిసారి చూపు ఆగేది అక్కడే. కానీ అదొక్కటే కారణమైతే ఈరోజు అందరికీ గుర్తుండాల్సింది కొలీన్ మూర్. 1923లో వచ్చిన ఫ్లేమింగ్ యూత్ అనే సినిమాతో బాబ్ కట్ అనే ఈ పొట్టి జుట్టు ఫ్యాషన్‌ని అమెరికా అంతా పాకించింది ఆవిడ, 1920ల రెండో సగంలో బాక్సాఫీస్ దగ్గర దేశంలోనే పెద్ద స్టార్లలో ఒకరు, బ్రూక్స్‌కి ఆ టైంలో పారామౌంట్ స్టూడియో ఇస్తున్నవి చాలావరకు మామూలు కామెడీల్లో హీరో పక్కన వేషాలు. మరి ఇవాళ కొలీన్ మూర్ పేరు సినిమా చరిత్ర చదివే వాళ్ళకి తప్ప పెద్దగా ఎవరికీ తెలీదు, ఎందుకంటే చూద్దామన్నా ముఖ్యమైన సినిమాలు చాలా లేవు. ఆ ఫ్లేమింగ్ యూత్‌లోనే మిగిలింది చిన్న ముక్క. ఇంకా మనసు కష్టపెట్టే సంగతి ఏంటంటే ఆవిడ తన సినిమాల ప్రింట్లు భద్రంగా ఉంటాయనుకుని న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కి తనే స్వయంగా అప్పజెప్పారు, అక్కడ టైంకి కాపీలు తీయకపోవడంతో అవి పాడైపోయాయి.

అప్పటి సినిమాలు నైట్రేట్ ఫిల్మ్ మీద ఉండేవి. దానికి నిప్పు తగిలితే ఆరదు, నిప్పు తగలకపోయినా ఏళ్ళు గడిచే కొద్దీ జిగురుగా మారి చివరికి పొడైపోతుంది. టాకీలు వచ్చాక మూకీలకి మార్కెట్ లేదని స్టూడియోలే చాలా ప్రింట్లని వదిలేశాయి, కొన్నిటిని వెండి కోసం కరిగించేశారు. అమెరికాలో తీసిన మూకీ ఫీచర్ సినిమాల్లో దాదాపు 70 శాతం పోయాయని అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో లెక్క తేల్చింది. మన దగ్గర పరిస్థితి ఇంకా ఘోరం, 1920ల మొదట్లో మద్రాసులో రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాష్ కష్టపడి తీసిన భీష్మ ప్రతిజ్ఞ ప్రింట్ ఇప్పుడు లేదు, అందులో నటించిన పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లో ఇండియన్ నటి మనకి ఒక పేరుగా మాత్రమే మిగిలింది. ఆవిడ ఎంత బాగా చేసిందో, అసలు కెమెరా ముందు ఎలా కదిలిందో చెప్పడానికి ఏమీ లేదు. సినిమా కళ్ళతో చూస్తేనే అభిమానం పుడుతుంది, పేరు విని పుట్టదు. బ్రూక్స్ విషయంలో అదృష్టం ఏంటంటే ఆవిడ బెస్ట్ వర్క్ యూరప్‌లో జరిగింది, అక్కడి ఆర్కైవ్స్‌లో వేరువేరు దేశాల్లో ప్రింట్లు అక్కడో ముక్క ఇక్కడో ముక్కగా బతికాయి, తర్వాత వాటిని కలిపి సరిచేయగలిగారు.

అయితే ప్రింట్ మిగిలినంత మాత్రాన అయిపోదు కదా. మిగిలిన మూకీలు వేలల్లో ఉన్నాయి, వాటిలో హీరోయిన్లు కూడా అంతమందీ ఉన్నారు. ఇక్కడే అసలు విషయం ఉంది, ఆవిడ నటన.

మూకీ నటన అనగానే మనకి గుర్తొచ్చేది గుండె మీద చెయ్యి వేసుకోవడం, కళ్ళు ఇంతింత చేయడం, సొమ్మసిల్లి పడిపోవడం. అందరూ అలా చేయలేదు, అది కొంచెం అన్యాయమైన మాటే, కానీ ఆ కాలానికి ఒక అలవాటు ఉండేది, ఫీలింగ్‌ని బయటపెట్టి చూపించాలి అని. బ్రూక్స్ అది చేయరు. ఆవిడ స్టేజీ నాటకాల నుంచి రాలేదు, డాన్స్ నుంచి వచ్చారు. 1922లో 15 ఏళ్ళ వయసులో ఇల్లు వదిలి డెనిషాన్ అనే మోడర్న్ డాన్స్ కంపెనీలో చేరారు, తర్వాత డాన్స్ ప్రపంచాన్నే మార్చేసిన మార్తా గ్రాహమ్ కూడా అప్పుడు అదే కంపెనీలో ఉన్నారు. నటించడం గ్రాహమ్ డాన్స్ చూసి నేర్చుకున్నాను, డాన్స్ చేయడం చాప్లిన్ నటన చూసి నేర్చుకున్నాను అని బ్రూక్స్ తర్వాత చెప్పారు. ఆ మాట వినడానికి చమత్కారంగా ఉంటుంది కానీ సినిమా చూస్తే అక్షరాలా నిజమని తెలుస్తుంది, ఆవిడ ఏం అనుకుంటుందో మొహం కంటే ముందు భుజం చెప్తుంది, నడక చెప్తుంది, మెడ తిప్పిన తీరు చెప్తుంది.

జర్మన్ డైరెక్టర్ జి. డబ్ల్యూ. పాబ్స్ట్ తీసి 1929 ఫిబ్రవరిలో బెర్లిన్‌లో రిలీజ్ చేసిన పండోరాస్ బాక్స్‌లో ఒక సీన్ ఉంది, ఫ్యాన్స్‌లో చాలామంది ఇక్కడే పడిపోయామని చెప్తారు. లులు అనే డాన్సర్, ఆవిడతో సంబంధం ఉన్న డాక్టర్ షోన్ అనే పెద్దమనిషి, ఆయన వేరే గొప్పింటి అమ్మాయిని పెళ్ళి చేసుకోబోతున్నాడు. ఆ కాబోయే భార్యని వెంటబెట్టుకుని లులు చేస్తున్న షో చూడడానికి తెర వెనకకి వస్తాడు. ఆవిడ ముందు నేను ఆడను అని లులు మొరాయిస్తుంది. షోన్ ఆమెని పక్కనున్న సామాన్ల గదిలోకి తీసుకెళ్ళి బుజ్జగిస్తాడు, తిడతాడు, పట్టుకుని కుదుపుతాడు, ఆమె చిన్నపిల్లలా కాళ్ళు తన్నుకుంటూ బోర్లా పడుకుంటుంది. బయట షో ఆగిపోయి అందరూ హడావుడి పడుతుంటారు. కాసేపటికి తిట్లు కాస్తా కౌగిలింత అవుతాయి, సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుని కాబోయే భార్య, షోన్ కొడుకు ఇద్దరూ గుమ్మంలో నిలబడతారు. షోన్ భుజం మీద నుంచి లులు వాళ్ళని చూస్తుంది. నెగ్గాననే సంతోషం మొహంలో తెలుస్తుంది, కానీ విలన్ నవ్వు కాదు, పగ లేదు, సిగ్గు అసలే లేదు. తర్వాత లేచి ఏమీ జరగనట్టు స్టేజీ మీదకి వెళ్ళిపోతుంది. ఆ ఒక్క చూపుతో షోన్ జీవితం ముగిసిపోయినట్టే, ఆయనకీ తెలుసు మనకీ తెలుసు, ఆమె మాత్రం అంత దూరం ఆలోచించలేదు. ఈ సీన్‌లో ఏ పక్కన నిలబడాలో సినిమా మనకి చెప్పదు, ఆమె కూడా చెప్పదు, చూసే మనిషి తనే తేల్చుకోవాలి. అందుకే పదిసార్లు చూసినా పదకొండోసారి వేరేగా అనిపిస్తుంది.

అప్పటి బెర్లిన్ క్రిటిక్స్‌కి ఇది నచ్చలేదు. ఈ అమ్మాయి నటించడం లేదు, ఏమీ చేయడం లేదు అని రాశారు. జర్మన్ రచయిత వెడెకిండ్ రాసిన నాటకాల నుంచి తీసుకున్న పాత్ర అది, జర్మన్ల దృష్టిలో లులు అంటే మగాళ్ళని నాశనం చేసే మాయలాడి, అలాంటి పాత్రకి ఎక్కడో కాన్సాస్ నుంచి జర్మన్ ఒక్క ముక్క రాని 22 ఏళ్ళ అమ్మాయిని తెచ్చి పెట్టడమే వాళ్ళకి మింగుడుపడలేదు. ఈ పాత్ర కోసం, తర్వాత పెద్ద స్టార్ అయిన మార్లీన్ డీట్రిచ్ పాబ్స్ట్ ఆఫీసులో ఎదురుచూస్తుండగా బ్రూక్స్ ఖాళీగా ఉన్నారని కబురొచ్చింది అని పాబ్స్ట్ తర్వాత చెప్పేవారు. డీట్రిచ్ చేసుంటే అది పక్కా వాంప్ పాత్ర అయ్యేది, మంచి సినిమాయే అయ్యేదేమో కానీ ఆ కాలానికి అతుక్కుపోయేది. వాంప్‌లకి కాలం చెల్లింది. తను చేసే పనికి ఫలితం ఏంటో లెక్కేసుకోకుండా ఆ క్షణంలో బతికే మనిషికి కాలం చెల్లలేదు.

లోట్టే ఐస్నర్ అనే పెద్ద విమర్శకురాలు పాబ్స్ట్ సినిమా షూటింగ్‌కి వెళ్ళినప్పుడు బ్రూక్స్ షాట్‌కీ షాట్‌కీ మధ్య కూర్చుని జర్మన్ తత్వవేత్త షోపెన్‌హావర్ పుస్తకం చదువుకుంటూ కనిపించారట. పబ్లిసిటీ కోసం చేస్తున్న వేషం అనుకున్నారు ఐస్నర్. తర్వాత జర్మన్ సినిమా మీద రాసిన తన పుస్తకంలో, ఈవిడ నిజంగా గొప్ప నటా లేక అందం చూసి మనమే లేని లోతు ఊహించుకుంటున్నామా అని అనుమానం పెట్టి వదిలేశారు. ఏళ్ళ తర్వాత బ్రూక్స్‌ని దగ్గరగా తెలుసుకున్నాక ఆ మాట మార్చి, సాటిలేని తెలివితేటలున్న అద్భుతమైన నటి అని రాశారు. ఒక విమర్శకురాలు తన పుస్తకంలో తన తీర్పునే తిరగరాయడం చిన్న విషయం కాదు, పైగా బ్రూక్స్ అభిమానుల ప్రయాణం కూడా సరిగ్గా ఇలాగే సాగుతుంది, ముందు అందం, తర్వాత అనుమానం, తర్వాత నమ్మకం.

పాబ్స్ట్ పని చేయించుకున్న తీరు గురించి బ్రూక్స్ రాసిన ఒక సంగతి చెప్పుకోవాలి. సినిమా చివర్లో లులు లండన్‌లో ఒక చలి గదిలో పేదరికంలో ఉంటుంది, ఆ సీన్ కోసం పాబ్స్ట్ బ్రూక్స్ సొంత సూట్‌ని తీసుకెళ్ళి చింపించి, మరకలు చేయించి, జిడ్డు పట్టించి తిరిగి ఇచ్చారు. ఎంతో ఇష్టపడి కొనుక్కున్న బట్టలవి, ఆవిడ గొడవ పెట్టుకున్నారు. వినలేదు. అవి వేసుకుని సెట్ మీదకి వెళ్ళేసరికి ఆ బట్టలంత దిగజారిపోయినట్టు అనిపించింది అని రాశారు. ఇప్పుడు చూస్తే దీన్ని మెచ్చుకోవాలో తిట్టాలో తెలీదు, కానీ ఆ సీన్‌లో ఆవిడ మొహంలో ఉన్నది మేకప్ కాదని మాత్రం అర్థమవుతుంది.

ఇదంతా మూకీ కాబట్టే కుదిరింది. షోన్‌గా వేసిన ఫ్రిట్జ్ కోర్ట్‌నర్ జర్మన్‌లో మాట్లాడితే బ్రూక్స్ ఇంగ్లీషులో జవాబిచ్చినా తెర మీద ఎవరికీ తేడా తెలీదు. టాకీ రాగానే ఆ దారి మూసుకుపోయింది, 1930లో ఫ్రాన్స్‌లో చేసిన సినిమాలో ఆవిడకి వేరే వాళ్ళ గొంతు పెట్టాల్సొచ్చింది.

హాలీవుడ్‌లో జరిగిన కథ అయితే అందరికీ నచ్చే కథ. 1928లో ఒప్పందం ప్రకారం పెరగాల్సిన జీతం పెంచమని అడిగితే, టాకీలు వస్తున్నాయి నీ గొంతు ఎలా ఉంటుందో తెలీదు, పాత జీతానికే ఉంటే ఉండు లేకపోతే వెళ్ళిపో అని పారామౌంట్ బాస్ షుల్‌బర్గ్ అన్నారు. చాలామంది హీరోయిన్లు తలవంచి ఉండిపోయారు. ఈవిడ వెళ్ళిపోయారు. తర్వాత అదే కంపెనీ మూకీగా తీసిన ది కెనరీ మర్డర్ కేస్‌ని టాకీగా మార్చాలని న్యూయార్క్ నుంచి రమ్మంటే రానన్నారు, ఎంత డబ్బిస్తామన్నా రానన్నారు. చివరికి మార్గరెట్ లివింగ్‌స్టన్‌తో డబ్బింగ్ చెప్పించి, బ్రూక్స్ గొంతు పనికిరాదని ప్రచారం మొదలుపెట్టారు. ఆవిడ గొంతుకి ఏ లోపం లేదు, 1931లో వచ్చిన టాకీల్లో శుభ్రంగా వినిపిస్తుంది.

ఈ కథ విని ఫ్యాన్స్ ఆవిడని పరిశ్రమకి బలైపోయిన మనిషిగా చూడడం మామూలే. అది సగం నిజం. మిగతా సగం ఆవిడే రాశారు, తాగుడు, ఎవరినీ లెక్కచేయకపోవడం, వచ్చిన అవకాశాల్ని చేజేతులా వదులుకోవడం. జేమ్స్ కాగ్నీని స్టార్ చేసిన ది పబ్లిక్ ఎనిమీలో వేషం ఇస్తానంటే వద్దన్నారు, అది జీన్ హార్లోకి వెళ్ళింది. 1938లో జాన్ వేన్ పక్కన ఒక చిన్న కౌబాయ్ సినిమాతో అంతా అయిపోయింది. కాన్సాస్‌కి తిరిగెళ్ళి డాన్స్ స్కూల్ పెట్టారు, నడవలేదు. న్యూయార్క్ వచ్చి సాక్స్ ఫిఫ్త్ ఎవెన్యూ షాపులో సేల్స్ గర్ల్‌గా నిలబడ్డారు, ఆ తర్వాతి ఏళ్ళు ఇంకా దారుణంగా గడిచాయి. బలిపశువుగా చూడడం ఆవిడకే నచ్చదు అనిపిస్తుంది, ఆవిడ రాతలు చదివితే.

మళ్ళీ వెలుగులోకి తెచ్చింది ఇద్దరు. 1955లో పారిస్‌లో సినిమాటెక్ ఫ్రాన్సేజ్ అనే ఫిల్మ్ ఆర్కైవ్ నడిపే ఆన్రీ లాంగ్లోవా సినిమాకి అరవై ఏళ్ళయిన సందర్భంగా ఎగ్జిబిషన్ పెట్టి, ప్రవేశం దగ్గర బ్రూక్స్ ఫొటో పెద్దది వేలాడదీశారు. గ్రేటా గార్బో, డీట్రిచ్ లాంటి పెద్ద స్టార్లని కాదని ఈవిడెందుకు అని అడిగితే, గార్బో లేదు డీట్రిచ్ లేదు ఉన్నది లూయిస్ బ్రూక్స్ ఒక్కరే అని గట్టిగా చెప్పారు. అదే టైంలో రోచెస్టర్‌లోని జార్జ్ ఈస్ట్‌మన్ హౌస్ అనే మ్యూజియంలో ఫిల్ములు చూసుకునే జేమ్స్ కార్డ్ న్యూయార్క్‌లో ఆవిడ ఎక్కడుందో వెతికి పట్టుకుని, 1956లో తన ఊరికి రప్పించి, ఆవిడ సినిమాలు ఆవిడకే చూపించారు. అంతకుముందు తన సినిమాలు ఆవిడ పెద్దగా చూసిందే లేదు.

అక్కడి నుంచి మొదలైంది రెండో కెరీర్, రాత. మాటల్లేని సినిమాల్లో నోరు మెదపని మొహం యాభై దాటాక పెన్ను పట్టుకుంది, అదీ మామూలుగా కాదు. తోటి నటీనటుల మీద, డైరెక్టర్ల మీద, స్టూడియోలు నటుల్ని ఎలా వాడుకుని పారేసేవో దాని మీద సైట్ అండ్ సౌండ్ లాంటి పత్రికల్లో వ్యాసాలు రాశారు. మూకీల నాటి పెద్ద నటి లిలియన్ గిష్‌ని తొక్కడానికి గార్బోని ఎలా వాడారో వివరించిన వ్యాసం ఇప్పటికీ చదివి తీరాల్సిందే. పూర్తి ఆత్మకథ ఒకటి రాసి తనే కాల్చేశారు. తన జీవితంలోని సెక్స్ గురించి నిజం రాయకుండా ఆత్మకథ రాస్తే అది అబద్ధం, ఆ నిజం రాయడం తనవల్ల కాదు, అందుకే రాయను అని ఒక వ్యాసంలో తేల్చి చెప్పారు. 1979లో కెన్నెత్ టైనన్ అనే విమర్శకుడు న్యూయార్కర్ పత్రికలో ఆవిడ మీద పెద్ద ప్రొఫైల్ రాశాక ఒక్కసారిగా అందరి కళ్ళూ ఇటు తిరిగాయి, 1982లో ఆవిడ వ్యాసాలు లులు ఇన్ హాలీవుడ్ అనే పుస్తకంగా వచ్చి బాగా అమ్ముడుపోయాయి. మూకీ స్టార్లలో చాలామంది జ్ఞాపకాలు రాశారు, కానీ ఇంత కరుకుగా, ఇంత తెలివిగా, తన మీద కూడా జాలి లేకుండా రాసిన వాళ్ళు ఇంకొకరు కనిపించరు. తెర మీద దాచిపెట్టినట్టున్న మనిషి లోపల ఏముందో తెలుసుకుందామని వచ్చిన అభిమానికి ఈ పుస్తకం దొరుకుతుంది, అది చదివి మళ్ళీ సినిమా చూస్తే ఇంకోలా కనిపిస్తుంది. వేరే నటీమణుల అభిమానులకి ఇలాంటి రెండో తలుపు లేదు. ఇన్నేళ్ళు అభిమానం నిలబడడానికి అసలు కారణం ఇదే అనిపిస్తుంది.

ఆవిడ చూపించిన ప్రభావం గురించి చెప్పుకుంటూ పోతే ఇటలీలో గ్విడో క్రెపాక్స్ గీసిన వాలెంటీనా కామిక్స్, 1962లో ఫ్రెంచ్ డైరెక్టర్ గోదార్ సినిమాలో అన్నా కరీనా జుట్టు, 1972లో క్యాబరేలో లైజా మిన్నెల్లి, ఇలా చాలా ఉన్నాయి. కానీ వీటన్నిటిలో గొప్పది అర్జెంటీనా రచయిత అడోల్ఫో బియోయ్ కసారెస్ 1940లో రాసిన ది ఇన్వెన్షన్ ఆఫ్ మోరెల్ అనే చిన్న నవల. ఒక దీవిలో దాక్కున్న మనిషి రోజూ సాయంత్రం సూర్యాస్తమయం చూడడానికి వచ్చే ఆడమనిషిని ప్రేమిస్తాడు, ఆమె ఇతన్ని చూడదు, పలకదు, చివరికి తెలిసేది ఏంటంటే ఆమె మనిషి కాదు, ఒక యంత్రం మళ్ళీ మళ్ళీ ఆడిస్తున్న బొమ్మ. దీనికి వెనకున్నది బ్రూక్స్ మీద తన ఇష్టమేనని ఆయన చెప్పారు. సినిమా అభిమానం అంటే ఏంటో ఇంతకంటే నిజాయితీగా ఎవరూ రాయలేదు.

ఇంటర్నెట్ వచ్చిన కొత్తలోనే, 1995లో, ఆవిడ పేరు మీద లూయిస్ బ్రూక్స్ సొసైటీ వెబ్‌సైట్ మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. వీళ్ళు ఫొటోలు పెట్టుకుని మురిసిపోయే రకం కాదు, పాత పేపర్లలో ప్రకటనలు తవ్వి ఏ ఊళ్ళో ఏ థియేటర్‌లో ఏ సినిమా ఎప్పుడు ఆడిందో పోగేస్తారు. 2016లో ప్రాగ్‌లోని చెక్ నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌లో నౌ వి ఆర్ ఇన్ ది ఎయిర్ అనే 1927 నాటి సినిమా ముక్కలు బయటపడ్డాయి, అప్పటివరకు అది పూర్తిగా పోయిందనే అనుకున్నారు. పాడైన ఫ్రేముల్ని సరిచేసి, సీన్లు వరసలో పేర్చి, ఓ 23 నిమిషాల భాగాన్ని 2017లో శాన్ ఫ్రాన్సిస్కో సైలెంట్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో వేశారు. మామూలు వార్ కామెడీ అది, గొప్ప సినిమా ఏం కాదు, అయినా జనం ఎగబడి చూశారు. ది అమెరికన్ వీనస్‌లో ముక్కలు మాత్రమే ఉన్నాయి, రోల్డ్ స్టాకింగ్స్, ది సిటీ గాన్ వైల్డ్ ఇంకా దొరకలేదు, వెతికే వాళ్ళు వెతుకుతూనే ఉన్నారు.

కొత్తగా చూసేవాళ్ళు పండోరాస్ బాక్స్‌తోనే మొదలుపెట్టడం మంచిది, కాకపోతే ఆన్‌లైన్‌లో దొరికే మసకబారిన కోతల ప్రింట్ కాకుండా రిస్టోర్ చేసింది వెతుక్కోవాలి, ఎందుకంటే ఆ మొహంలో జరిగేవన్నీ చిన్నచిన్నవి, మసకలో పోతాయి. తర్వాత అదే పాబ్స్ట్ తీసిన డైరీ ఆఫ్ ఎ లాస్ట్ గర్ల్. ఆ రెండూ బరువుగా అనిపిస్తే 1928లో విలియం వెల్‌మన్ తీసిన బెగ్గర్స్ ఆఫ్ లైఫ్ చూడాలి, అందులో ఆవిడ మగపిల్లాడి బట్టల్లో, ఆ ఫేమస్ జుట్టంతా టోపీ కింద దాచేసి గూడ్స్ బండ్లు ఎక్కి పారిపోతుంటారు. తనని చెరచబోయిన మనిషిని ఎలా చంపిందో చెప్పే సీన్‌లో జరిగిన సంగతి వెనక కదులుతుంటే దాని మీద ఆవిడ మొహం క్లోజప్‌లో ఉంటుంది, ఆ కాసేపు చూస్తే హెయిర్‌కట్ వాదన ఎంత తేలికైందో ఎవరూ చెప్పక్కర్లేదు.